నలభై మూడో పేజీ కింది సగం

కామాక్కకు అసలు పేరు లేక కాదు. హాజరుపట్టీలో నిక్షేపంగా ఉంది, రోజూ దాని పక్కన సంతకం కూడా పెడుతుంది. కానీ ఆ పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆవిడే తిరిగి చూడదు, ఇంకెవరినో అనుకుంటుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆవిడ అందరికీ కామాక్కే.

ఎందుకంటే ఆవిడ ఉద్యోగమే కామాలు చదవడం. నవ్వకండి, నిజంగానే. ప్రూఫుల గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరి ముందు పంతుళ్లు రాసిచ్చిన కాపీ ఉంటుంది, ఇంకొకరి ముందు అచ్చయి వచ్చిన ప్రూఫు. కాపీ ఉన్న మనిషి పైకి చదవాలి. ప్రూఫు ఉన్న మనిషి తల ఎత్తకుండా వింటూ పెన్సిలుతో దిద్దాలి. మాటలొక్కటే చదివితే చాలదు, గుర్తులన్నీ చదవాలి. “ఆవు గడ్డి మేసింది కామా పాలు ఇచ్చింది ఫుల్‌స్టాప్ కొత్త పేరా” ఇలా. రోజుకు ఏడు గంటలు ఇలా చదివాక నోరు ఇంటికెళ్లి ఊరుకుంటుందా? ఒకసారి పొయ్యి దగ్గరున్న చెల్లెలితో “కూర మాడుతోంది కామా దించెయ్యవే ఆశ్చర్యార్థకం” అనేసిందట. ఆ చెల్లెలు మర్నాడు ప్రెస్సుకొచ్చి ఈ సంగతి గేటు దగ్గర చెప్పిపోయింది. అంతే, పేరు అతుక్కుపోయింది.

పేరుకు ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. ఆవిడ బాధ వేరే. టీచరు కావాలని ఆవిడ కోరిక. చిన్నప్పుడు అందరూ అనే మాటలా అన్నది కాదు. ఆకలేసినట్టు, దాహమేసినట్టు ఆ కోరిక ఉండేది. నల్లబల్ల ముందు నిలబడాలి, నలభై ముఖాలు తనవైపు తిరగాలి, తను ఒక వాక్యం చదివితే ఆ వాక్యం నలభై గొంతుల్లో తిరిగి రావాలి. అంతకు మించి ఆవిడ జీవితంలో ఏదీ గట్టిగా అడగలేదు. అదొక్కటే దొరకలేదు.

ఎందుకు దొరకలేదో చెప్తాను. చెప్పేటప్పుడు నాకు కోపమొస్తే మీరు సర్దుకోవాలి.

ఆవిడ పదో తరగతిలో ఉండగా సర్కారు వారికి లెక్కలు మార్చాలని బుద్ధి పుట్టింది. పాత లెక్కలు పనికిరావట, కొత్త లెక్కలు నేర్పాలట. సమితులు, ఉపసమితులు, శూన్యసమితులు. మంచిదే, నేర్పండి. కానీ జూన్లో బడి తెరిస్తే పుస్తకం జనవరిలో వచ్చింది. లెక్కల మాస్టారు కట్ట విప్పి, ఒక కాపీ తిరగేసి, “ఒరేయ్ పిల్లలూ, నేనూ మీతో పాటే చదువుకుంటాను, ముందు ఎవరికి అర్థమైతే వాళ్లు రెండోవాళ్లకు చెప్పాలి, సరేనా” అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి అన్నాడు. మార్చిలో పరీక్ష. ఆ క్లాసులో నలభై ఇద్దరుంటే ముప్ఫై ఒక్కరు లెక్కల్లో పోయారు. కామాక్కకు నాలుగు మార్కులు తక్కువయ్యాయి. మిగతా అన్నిట్లో మొదటి స్థానం.

మళ్లీ రాద్దామంటే ఆ ఏడే గడియారాలు బాగుచేసే తండ్రి మంచాన పడ్డాడు. పోయింది ఒక ఏడాది. మరుసటి ఏడాది ఫీజు కట్టబోతే ఆ సిలబస్ మార్చేశారన్నారు. ఒక సిలబస్‌లో తప్పినవాళ్లు ఇంకో సిలబస్‌లో పాసవ్వాలట, చోద్యం కాకపోతే! తండ్రి పోయాడు. కింద ఇద్దరు చెల్లెళ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా అయింది. పాఠ్యపుస్తకాల ప్రెస్సులో “స్పష్టంగా చదవగలవారు కావలెను, చదువు పట్టింపు లేదు” అని ప్రకటన పడితే పంతొమ్మిదేళ్లకు వెళ్లి చేరింది.

ప్రూఫుల గది అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలానే ఉంది. ఒకటే కిటికీ, ఒకటే పొడుగు బల్ల, బల్ల మధ్యలో ఎన్నేళ్లు తుడిచినా పోని సిరా మరక. కింది అంతస్తులో యంత్రం మొదలైతే నేల సన్నగా వణుకుతుంది, గ్లాసులో నీళ్లు కూడా వణుకుతాయి. బల్లకు అవతల ప్రూఫ్‌రీడరు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలుండే మనిషి కాబట్టి ఆయన్ని పెన్సిలాయన అనేవాళ్లు. ఆయనకు ముప్ఫై తొమ్మిది. ఈవిడకంటే ఇరవై ఏళ్లు పెద్ద, పెళ్లాం ఉన్న మనిషి.

ఆయనా ఒకప్పుడు టీచరేనట. శిక్షణ పొందిన టీచరు. చేతిరాత నేర్పేవాడు. కామాక్కను లెక్కల్లో ముంచిన ఆ సంస్కరణే చేతిరాత పీరియడ్‌ను ఎత్తేసింది. దాంతో చేతిరాత మాస్టర్లందరూ మిగిలిపోయారు. మిగిలిన వాళ్లను ఏం చేస్తారు? కుర్చీలు పంచినట్టు ఆఫీసులకు పంచారు. ఈయన ఇక్కడికి వచ్చి పడ్డాడు.

ఆవిడ చేరిన నెలలోనే ఏ పుస్తకం చదవాల్సి వచ్చిందో తెలుసా? అదే లెక్కల పుస్తకం, సవరించిన ముద్రణ. మొదటి పేజీలోనే ముందుమాట. ఆవిడ చదివింది. “గత ముద్రణలోని జవాబుల పట్టికలో దొర్లిన పదకొండు తప్పులను ఈ ముద్రణలో సరిచేయడమైనది.” ఏ జవాబులు చూసి తను రాత్రింబవళ్లు పద్ధతి నేర్చుకుందో ఆ జవాబులే తప్పు! చివరి ఫుల్‌స్టాప్ బయటికి రాలేదు. అవతల పెన్సిలు గాల్లో ఆగింది. ఆయన తల వంచుకునే నెమ్మదిగా అడిగాడు.

“అక్కడ ఫుల్‌స్టాపేనామ్మా?”

“ఫుల్‌స్టాపే సార్” అంది ఆవిడ.

ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు ఆ ఇద్దరూ ఆ బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఏమాట కామాట చెప్పుకోవాలి, వాళ్ల మధ్య చెప్పరానిది ఏమీ జరగలేదు. చెప్పదగ్గదీ జరగలేదు. మాట్లాడుకునే తీరిక లేని పని అది. ఆవిడ చూపు కాపీ మీద, ఆయన చూపు ప్రూఫు మీద. ఒకళ్ల గొంతు ఒకళ్ల చెవి, అంతే. అయినా ఆయన సెలవు పెట్టిన రోజు వేరేవాళ్లకు చదవాలంటే ఆవిడకు నోరు వచ్చేది కాదు, అన్నం సయించేది కాదు. దాన్ని ఏమంటారో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ మటుకు దానికి ఏ పేరూ పెట్టలేదు.

ఇక నలభై మూడో పేజీ సంగతి. పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. పాఠాలేమో పదహారు లెక్కన ముగియవు కదా, ఎక్కడో ఒక పేజీ కింది సగం ఖాళీగా మిగిలిపోతుంది. ఖాళీ వదలడం ప్రెస్సుకు నామర్దా. అందుకని ఆ సగాన్ని ప్రూఫుల గదివాళ్లే నింపడం ఆ ప్రెస్సులో పాతకాలం నుంచీ ఆనవాయితీ. పొడుపుకథో, సామెతో, నాలుగు వాక్యాల కబురో. పేరుండదు, పైవాళ్లెవరూ అడగరు. కామాక్కకు ఇరవై రెండేళ్లప్పుడు మూడో తరగతి వాచకంలో నలభై మూడో పేజీ కింద సగం మిగిలింది. పెన్సిలాయనకు ఆ రోజు జలుబు, తల పగిలిపోతోంది.

“నువ్వు రాసెయ్యమ్మా, పది వాక్యాలు చాలు” అన్నాడు.

“నేనా సార్? పదో తరగతి తప్పినదాన్ని!”

“మూడో తరగతికే కదా రాసేది. అది పాసయ్యావా లేదా?”

ఆవిడ నవ్వి, కాగితం తీసుకుని, పావుగంటలో రాసిచ్చింది. ఇదీ ఆ పాఠం.

“నాకు ఆ రోజు ఆలస్యమైంది. బడి తలుపు మూసి ఉంది. నేను బయటే నిలబడ్డాను. లోపల అందరూ పాఠం చదువుతున్నారు. ఆ పాఠం నాకు వచ్చు. నేనూ బయట నుంచే చదివాను. లోపల అందరూ ఆగిపోయారు. నేను ఆగలేదు. టీచరు వచ్చి తలుపు తీసింది. ‘నీ గొంతు ఎప్పుడో లోపలికి వచ్చేసింది, ఇక నువ్వు కూడా రా’ అంది.”

పెన్సిలాయన చదివి ఒక్క అక్షరం దిద్దలేదు. ఆయన దిద్దకుండా వదిలిన కాగితం అదొక్కటేనని తర్వాత గేటు దాకా చెప్పుకున్నారు.

ఆ జూన్లో మూడు లక్షల పుస్తకాలు బళ్లకు వెళ్లాయి. అవి వెళ్లిన రోజు సాయంత్రం కామాక్క ఇంటికి నడిచి వెళ్తూ, దారిలో కనబడిన ప్రతి బడి కిటికీ కేసీ చూసింది. తను అడుగు పెట్టలేని గదులన్నిట్లోకీ తన పది వాక్యాలు వెళ్లాయి. అంత సంతోషం ఆవిడకు అంతకు ముందు లేదు.

సరే, సర్కారు ఊరుకుంటుందా? కొత్తొక వింత, పాతొక రోత. ఎనిమిదేళ్లకు మరో కమిటీ వచ్చింది. పిల్లలకు విలువలు తగ్గాయి, ప్రతి పాఠమూ నీతితో ముగియాలి అంది. వాచకాలన్నీ ముందేసుకుని చివరి వాక్యాలు దిద్దింది. ఆకాశంలో మబ్బుల గురించి పాఠం ఉంటే దానికీ ఒక నీతి తగిలించారు! నలభై మూడో పేజీ కింది సగానికీ ఆ గతే పట్టింది. కమిటీ వారి కాపీలో చివరి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి. “టీచరు వచ్చి తలుపు తీసింది. ‘ఇకమీదట వేళకు రావాలి’ అని చెప్పింది.”

చదివేవాళ్లకు ఆ గదిలో ఒకటే శాసనం. కళ్లతో చదవాలి, జ్ఞాపకంతో చదవకూడదు. కామాక్క పదకొండేళ్లలో ఒక్కసారి తప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం నలభై మూడో పేజీ వచ్చింది. తను రాసింది, నోటికి వచ్చింది. కళ్లు కాపీ మీదే ఉన్నాయి, నోరు మాత్రం తన దారిన తాను పోయింది. “నీ గొంతు ఎప్పుడో లోపలికి వచ్చేసింది కామా ఇక నువ్వు కూడా రా” అని చదివేసింది. అవతల పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత బరబరా గీసిన చప్పుడు వినబడింది. ఏదో చిన్న తప్పు దిద్దుతున్నాడనుకుని ఆవిడ పేజీ తిప్పింది.

మూడున్నర లక్షల పుస్తకాలు అచ్చయ్యాక కమిటీ పెద్ద ఒకాయన చూశాడు. ఇంకేముంది, ఆకాశం విరిగి పడింది! విచారణ. కాపీలో ఒకటి, పుస్తకంలో ఒకటి. ప్రూఫు మీద సంతకం పెన్సిలాయనది. ఇద్దర్నీ డైరెక్టరు గదిలో నిలబెట్టారు.

“చదివింది తప్పా, దిద్దింది తప్పా?” అని అడిగారు.

కామాక్కకు నోరు పెగల్లేదు. ఆ వారమే పెద్ద చెల్లెలి పెళ్లి. ఉద్యోగం పోతే ఇల్లు వీధిన పడుతుంది. మూడు లక్షల మంది పిల్లలకు వినబడిన గొంతు ఆ గదిలో ముగ్గురికి వినబడలేదు. పక్కనుంచి పెన్సిలాయన అన్నాడు.

“ఆవిడ సరిగ్గానే చదివింది. నా చెవి పొరపాటు.”

ఆయనకు మరుసటి నెల రావాల్సిన హెడ్ రీడర్ పదవి రాలేదు. ఆ తర్వాత మరి ఎప్పుడూ రాలేదు. గదికి తిరిగొచ్చాక కామాక్క ఏదో అనబోతే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, “ఎక్కడున్నాం? నలభై నాలుగు. కానివ్వమ్మా, పైనుంచి” అన్నాడు. ఆవిడ చదివింది. తప్పు తనదేనన్న ఆ ఒక్క మాట మాత్రం ఆయనకు ఎప్పుడూ చెప్పలేకపోయింది. మింగలేక కక్కలేక గొంతులోనే ఉండిపోయింది.

ఇంతకీ ఆ తప్పు ఏమైందనుకున్నారు? “నలభై మూడో పేజీ చివరి వాక్యాన్ని ఇలా చదువుకోవలెను” అని సవరణ చీటీలు అచ్చువేసి బళ్లకు పంపారు. అంటించిందెవరు? చీటీలు అలమరల్లో మగ్గిపోయాయి. మళ్లీ ఆరేళ్లకు సంచి బరువు తగ్గించే కమిటీ వచ్చింది. పెద్ద పెద్ద పాఠాలు ఎగిరిపోయాయి, ఇది సగం పేజీయే కదా అని వదిలేశారు. వాళ్లు పాత పుస్తకం చూసే కొత్త కాపీ రాయించారు కాబట్టి తప్పే ఒప్పయి కూర్చుంది. ఆపైన ఆటపాటల చదువు వచ్చింది. పాఠం కింద ఒక పెట్టె గీసి “తలుపు బొమ్మ వేయండి” అన్నారు. వేశారు పిల్లలు, లక్షల తలుపులు.

ఈలోగా పెన్సిలాయన రిటైరయ్యాడు. ఆఖరి రోజు బల్ల సొరుగు ఖాళీ చేసి, తలుపు దాకా వెళ్లి, “గొంతు జాగ్రత్తమ్మా, వేడినీళ్లు తాగుతుండు” అని వెళ్లిపోయాడు. ఆవిడ రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఆయన పోయాడని తెలిసింది. కబురు ఆలస్యంగా వచ్చింది, చివరి చూపు కూడా దక్కలేదు. అవతలి కుర్చీలో కొత్త రీడరమ్మ తెర మీద దిద్దుతోంది, పెన్సిలు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేని గదిలో చదవడం కామాక్కకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను. వాక్యం ముగించి ఒక క్షణం ఆగేది. దేని కోసం ఆగిందో గుర్తొచ్చి ముందుకు పోయేది.

ఆవిడ రిటైర్మెంటు ఇంకో మూడు నెలలుందనగా మరో సంస్కరణ వచ్చింది. ఈసారి సిలబస్ మేడమ్ స్వయంగా ప్రెస్సుకు వచ్చి కూర్చుంది. ముప్ఫై ఐదేళ్లుంటాయి, చురుకైన మనిషి, గర్వం లేదు. వాచకం తిరగేస్తూ నలభై మూడో పేజీ మీద ఎర్ర గీత గీసింది. కామాక్క చేతిలోని కాపీ కింద పెట్టింది.

“అదెందుకమ్మా తీసేస్తున్నారు?” అంది, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి తంటాలు పడుతూ.

“నాకూ మనసు రావట్లేదక్కా. మూడో తరగతిలో నేను చదివిన పాఠమే ఇది, ఇప్పటికీ నోటికొచ్చు. కానీ కొత్త రూలు. ప్రతి పాఠం కిందా రాసినవాళ్ల పేరుండాలి, వాళ్లు టీచరు శిక్షణ పొందినవాళ్లయి ఉండాలి. దీనికి పేరే లేదు. ఎవరు రాశారో ఎవరికీ తెలీదట.”

“తెలిస్తే?”

“తెలిస్తే ఉంచేస్తాను. ఇదిగో ఫారం. పదిహేను రోజుల్లో సంతకంతో రావాలి. రాసినవాళ్లు లేకపోతే ఇంట్లోవాళ్లు పెట్టినా సరే.”

కామాక్క ఫారం ఇంటికి తీసుకెళ్లింది. పేరు అన్న గీత మీద పెన్సిలుతో తన పేరు రాసింది, హాజరుపట్టీలో ఉన్న పేరు. మొదటిసారి ఆ పాఠం పక్కన తన పేరు చూసుకుని కాసేపు అలా కూర్చుంది. తర్వాతి గీత విద్యార్హత. దాని తర్వాతిది శిక్షణ. ఏం రాస్తుంది? నాలుగు మార్కులు. అరవై ఏళ్లొచ్చినా ఆ నాలుగు మార్కులు ఆవిడ వెంటే ఉన్నాయి. నిజం రాస్తే పాఠం పోతుంది. ఊరుకున్నా పోతుంది. తను పోయినా పర్లేదు, అది పోకూడదు. లోపలున్నది అదొక్కటే కదా.

రబ్బరుతో తన పేరు చెరిపేసింది. ఆ మర్నాడు పెన్సిలాయన ఇంటికి వెళ్లింది.

ఇరవై ఒక్క ఏళ్లు కలిసి పనిచేసినా ఆ ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆయన భార్య తలుపు తీసింది. పెద్దావిడ, చూపు తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులు. కామాక్క “నమస్కారం అక్కగారూ” అందో లేదో, ముసలావిడ నవ్వింది.

“నువ్వా! కామాక్కవేగా? గొంతు వింటేనే తెలిసింది. నీ గొంతు ఎలా ఉంటుందో ఆయన లక్షసార్లు చెప్పాడులే. రోజంతా చెవులు నీ దగ్గర పారేసుకుని ఇంటికొచ్చేవాడు. ఉప్పు నిండుకుందని నేను మూడుసార్లు అరిస్తేగానీ వినపడేది కాదు.”

కామాక్కకు ఏడుపొచ్చింది. ఫారం సంగతి, పాఠం కింద ఆయన పేరు వేయించాలన్న సంగతి చెప్పింది. అది చెప్పాక ఆగలేకపోయింది, ముప్ఫై ఏళ్లు గొంతులో ఉన్నదంతా కక్కేసింది. ఆ రోజు చదివిందే తప్పు, ఆయన చెవి పొరపాటు కాదు, తను నోరు మూసుకుని నిలబడింది, ఆయన పదవి తన వల్లే పోయింది.

“తెలుసు” అంది ముసలావిడ.

“తెలుసా?”

“ఆ రోజే చెప్పాడు. నువ్వు ఆ వాక్యం చదివేసరికి ప్రూఫులో వేరేగా ఉందట. ఒక వాక్యం మొత్తం తేడా వస్తే ఆగి అడగాలి, అది వాళ్ల రూలట. ‘ఆగాను, అడగలేదు. ఆవిడ చదివిందే బాగుంది, తెలిసే దిద్దాను’ అన్నాడు. నీ కోసం మోసిన తప్పు అనుకున్నావా ఇన్నాళ్లూ? పిచ్చిదానా, అది ఆయన తప్పే. దాని గురించి ఆయనకు బోలెడంత గర్వం. పదవి పోయినందుకు నేను తిట్టాననుకో, అది వేరే సంగతి.”

తర్వాత ముసలావిడ కలం అడిగి, ఫారం కళ్ల దగ్గరగా పెట్టుకుంది.

“ఆయన రాయలేదని నాకు తెలుసు. నువ్వు ఇస్తున్నావు. మనసారా ఇస్తున్నావా?”

“మనసారానే అక్కగారూ.”

“ఎక్కడ పెట్టాలి సంతకం?”

కామాక్క ఆవిడ వేలు పట్టుకుని గీత చూపించింది.

కొత్త వాచకం ప్రూఫు కామాక్క చివరి వారంలో వచ్చింది. ఆవిడే చదివింది. ఈసారి కళ్లతోనే చదివింది, ఒక్క మాట కూడా జ్ఞాపకంతో చదవలేదు. పాఠం అయ్యాక కింద పెన్సిలాయన పేరు. ఆ పేరు చదివి, “కామా” అంది, “విశ్రాంత ఉపాధ్యాయులు” అంది, “ఫుల్‌స్టాప్” అంది. అవతలి రీడరమ్మ తెర మీద టిక్కు పెట్టింది. అయిపోయింది. శనివారం దండ వేసి, శాలువా కప్పి పంపించారు.

జూన్లో బళ్లు తెరిచారు. పుస్తకాలు ఈసారి వేళకే వచ్చాయి, అద్భుతమే! నాలుగు నెలలు కామాక్క ఓపిక పట్టింది. నలభై మూడో పేజీ ఏ నెలలో చెప్తారో ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అక్టోబరు రెండో వారంలో రోజూ పొద్దున్నే తన వీధి చివరి బడి వరండాలోకి వెళ్లి, మంచినీళ్ల పంపు దగ్గర నిలబడేది. నాలుగో రోజు వినబడింది. టీచరమ్మ ఒక్కో వాక్యం చదువుతోంది, పిల్లలు అందుకుంటున్నారు. “నాకు ఆ రోజు ఆలస్యమైంది.” నలభై గొంతులు. కామాక్క గోడ పట్టుకుంది. “ఇక నువ్వు కూడా రా, అంది.” నలభై గొంతులు. ఆ టీచరమ్మ ఏ పాఠమైనా రాసినవాళ్ల పేరుతో సహా చదివిస్తుంది కాబోలు, పేరు కూడా చదివించింది. పెన్సిలాయన పేరు నలభై నోళ్లలోంచి ఒక్కసారిగా వచ్చింది. ఆయన ఉండగా అంత గట్టిగా ఆయన్ని ఎవరూ పిలవలేదు.

“కామా” అంది కామాక్క. అనుకుని అనలేదు, నోరు అనేసింది.

కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల గిరుక్కున తిరిగింది. “టీచర్, టీచర్! బయట ఒక అవ్వ కామాలు కూడా చదివేస్తోంది!”

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ బయటికొచ్చింది.

“ఎవరండీ మీరు? ఎవరైనా పిల్లల కోసం వచ్చారా?”

కామాక్క ఆ పాఠం నాది అని చెప్పి ఉండవచ్చు. చెప్తే అడ్డేవారెవరు, అక్కడ ఫారం లేదు, గీతలు లేవు. ఆవిడ చెప్పలేదు.

“ఆ పాఠం కింద పేరుందే, ఆయన దగ్గర పనిచేశానమ్మా. ఇరవై ఒక్క ఏళ్లు.”

“నిజంగానా? అయితే లోపలికి రండి, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి. పుస్తకంలో మనిషి అంటే వీళ్లకు నమ్మకం లేదు!”

కామాక్క చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. టీచరమ్మ నల్లబల్ల పక్కన నిలబెట్టింది. నలభై ముఖాలు ఆవిడవైపు తిరిగాయి. అరవై ఏళ్లు పట్టింది, ఆ నాలుగు అడుగులకు. ఇందాకటి కిటికీ పిల్ల చెయ్యెత్తింది.

“అవ్వా, ఆయన ఎలా ఉండేవాడు?”

ఎలా ఉండేవాడు? కామాక్క చెప్పబోయింది. చెప్పడానికి ఆయన ముఖం తెచ్చుకోబోయింది, రాలేదు. కళ్లు పెద్దవో చిన్నవో, ముక్కు ఎలా ఉండేదో, ఏమీ రాలేదు. ఎన్నడు చూసిందని? వాక్యం ముగిసి తను తలెత్తేసరికి ఆయన తల వంచుకునే ఉండేవాడు. ఆయన తలెత్తేసరికి తను కాపీలో ఉండేది.

“ఇక్కడ” అని తన నడినెత్తి మీద వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ ఒక సుడి ఉండేది. మొదట నల్లగా ఉండేది. తర్వాత ఒకటి రెండు తెల్లవెంట్రుకలొచ్చాయి. ఆఖరికి మొత్తం తెల్లగా అయిపోయింది. చెవి మీద పెన్సిలుండేది. నేను చదువుతుంటే వినేవాడు.”

“ఇంకా?” అన్నారు పిల్లలు.

“అంతే. అంతే నాకు తెలిసింది” అంది కామాక్క, నడినెత్తి మీద నుంచి వేలు తియ్యకుండా.